సెంటర్‌లో ఆడేవాడు వెళ్లిపోతే ఫుట్‌బాల్ టీమ్‌ని ఎలా సెట్ చేసుకోవాలి: పోరంకి వైపు టర్ఫ్‌లో తీసుకున్న మిడ్‌ఫీల్డ్ సెషన్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది టర్ఫ్ రివ్యూ కంటే అక్కడ కోచ్ అన్న చేసే టీమ్ సెషన్ రివ్యూ ఎక్కువ. టర్ఫ్‌దేముంది, బెజవాడలో ఇప్పుడు పటమట, కానూరు, పోరంకి, గుణదల, ఇటు తాడేపల్లి దాకా ఎటు చూసినా ఏదో ఒకటి లేస్తోంది, అన్నీ ఒకే అచ్చు, ప్లాస్టిక్ గడ్డి, దాంట్లో నల్ల రబ్బరు రవ్వ, చుట్టూ వల, సగం టైమ్ బాక్స్ క్రికెట్ వాళ్లదే. కానీ టీమ్ మొత్తం వెళ్లి "అన్నా మా మిడ్‌ఫీల్డ్ పోయింది, కాస్త సెట్ చెయ్యవా" అని అడిగితే కూర్చోబెట్టి చేసే చోటు నాకు ఇంకోటి తగల్లేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిక లేనోళ్లు రేట్లు కింద ఉన్నాయి అక్కడికి వెళ్లిపోండి.

మాది సెవెన్ ఎ సైడ్ టీమ్. ఇంజినీరింగ్ పిల్లలు, మెడికల్ రెప్పులు, బ్యాంకులో చేసే ఒక అన్న, అలా కలిసిపోయిన బ్యాచ్. 2-3-1 ఆడతాం, వెనక ఇద్దరు, మధ్యలో అంటే మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురు, ముందు ఒక్కడు. ఆ ముగ్గురిలో నడిమోడికి సంక్రాంతి అయ్యాక హైదరాబాద్‌లో జాబ్ వచ్చింది, పార్టీ ఇచ్చాడు, శుభ్రంగా తిని బస్సెక్కించి వచ్చాం. తర్వాత గుంటూరు బ్రాడీపేట కుర్రాళ్లతో మ్యాచ్, చితక్కొట్టేశారు. ఓడిపోవడం కొత్తేం కాదు గానీ ఎందుకు ఓడిపోతున్నామో హాఫ్ టైమ్‌లో ఎవడికీ అర్థం కాకపోవడం కొత్త. ఫార్వర్డ్ వాడే, కీపర్ వాడే, వెనక ఇద్దరూ వాళ్లే, అయినా బాల్ మధ్యలోకి వెళ్తే చాలు వాళ్ల కాళ్ల దగ్గర తేలుతోంది. పెళ్లిళ్లలో ఒక మేనమామ ఉంటాడు చూడండి, ఏ ఫొటోలోనూ కనపడడు, కానీ ఆయనకి ఆ రోజు జ్వరమొస్తే పెరుగు బకెట్ ఎక్కడుందో ఎవడికీ తెలీదు, మావాడు అలాంటోడన్నమాట. గోల్స్ కొట్టడు, స్కిల్స్ చెయ్యడు, మ్యాచ్ అయ్యాక వాడి గురించి మాట్లాడుకున్నది కూడా లేదు.

మా కెప్టెన్ ఏం చేశాడంటే వెంటనే ఆటోనగర్ నుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చాడు, అదే ఎత్తు, అదే కుడికాలు, లాంగ్ పాస్ కూడా బాగా కొడతాడు. పాపం మంచి ప్లేయరే. కాకపోతే మేం ఎప్పుడు ఇస్తామో వాడికి తెలీదు, వాడు ఎక్కడుంటాడో మాకు తెలీదు, ఇంకో మ్యాచ్ పోయింది. అప్పుడు మా కీపర్ వాళ్ల కజిన్ ఈ సెషన్ సంగతి చెప్పాడు.

ఫోన్ చేస్తే కోచ్ అన్న మొదట అడిగింది డబ్బుల గురించి కాదు, "పాత వీడియోలేమైనా ఉన్నాయా, వాడు ఉన్నప్పటివి" అని. ఎవడో ఫోన్ వలకి కట్టి తీసిన వీడియోలు వాట్సాప్‌లో పడున్నాయి, అవి పంపాం. సెషన్ రోజు వెళ్లాక బాల్ ఇస్తాడేమో అనుకుంటే లేదు, తలా ఒక కాగితం ఇచ్చి "వెళ్లిపోయినోడు మీకు ఏం చేసేవాడో రాయండి" అన్నాడు. అందరం రాసింది దాదాపు ఒకటే, పాసులు బాగా ఇచ్చేవాడు. ఆయన నవ్వి ల్యాప్‌టాప్ తిప్పాడు.

ఆ క్లిప్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఇచ్చిన డబ్బులు నా లెక్కలో అక్కడే వచ్చేశాయి. బాల్ మా కీపర్ చేతిలో ఉంది. మావాడు వాళ్ల ఫార్వర్డ్ వెనకాల నిలబడి ఉన్నాడు, అసలు బాల్ వైపు చూడట్లేదు, ఒకసారి ఎడమ భుజం మీంచి వెనక్కి, ఒకసారి కుడి భుజం మీంచి వెనక్కి చూశాడు, చూసి రెండే రెండు అడుగులు ఎడమకి జరిగాడు. వాడు జరిగాడని వాళ్ల ఫార్వర్డ్ కూడా జరిగాడు. మధ్యలో సందు తెరుచుకుంది, కీపర్ ఆ సందులోంచి నేరుగా బ్యాంకు అన్నకి దొర్లించాడు, అక్కణ్నుంచి మూడో పాస్‌కి మేం వాళ్ల గోల్ ముందున్నాం. మావాడు బాల్ ముట్టుకోనే లేదు. కోచ్ అన్న దాన్ని మళ్లీ మళ్లీ వేసి "ఈ అటాక్ ఎవరిది" అని అడుగుతుంటే మా కీపర్ ముఖం చూడాలి, అన్నాళ్లూ అది తన పాస్ గొప్పతనం అనుకున్నాడు మరి.

ఇంకో క్లిప్‌లో మా లెఫ్ట్ వాడు పైకి పరిగెత్తాక వాడి వెనక ఖాళీలోకి మావాడు మెల్లిగా నడుచుకుంటూ వెళ్లి నిలబడ్డాడు, పరిగెత్తను కూడా లేదు. ఇంకో దాంట్లో వాళ్లు బాల్ లాక్కుని ఎదురుదాడికి వస్తుంటే సగం గ్రౌండ్ దగ్గరే వాళ్లోడి చొక్కా కాస్త లాగి ఫౌల్ చేసి, చేతులెత్తి సారీ చెప్పి, మేమందరం వెనక్కి చేరేదాకా బాల్ పక్కనే నిలబడ్డాడు, వెధవ. ఇవన్నీ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, ఇప్పుడు చెప్పండి, వీటన్నిటికీ ఒక్కడే కావాలా, లేకపోతే ఉన్నోళ్లు తలా ఒకటి పట్టుకోగలరా అన్నాడు.

తర్వాత ప్రొజెక్టర్ భాగం. ఇక్కడ నాకు కొంచెం కంప్లైంట్ ఉంది, మనం గంటకి లెక్కగట్టి డబ్బులిస్తుంటే ఆయన అరగంటకి పైగా యూరప్ కబుర్లు చెప్పాడు, పిల్లలు బయట బాల్ తన్నుకుంటున్నారు. కానీ చెప్పినదాంట్లో సరుకు ఉంది కాబట్టి రాస్తున్నా, ఫుట్‌బాల్ చూసేవాళ్లకి నచ్చుతుంది.

మొదలుపెట్టింది 2003తో. రియల్ మాడ్రిడ్ ఆ ఎండాకాలం బెక్‌హామ్‌ని కొని, మధ్యలో కాపలా కాసే మకెలెలేని చెల్సీకి అమ్మేసింది. జిదాన్, ఫిగో, బ్రెజిల్ రొనాల్డో, రౌల్, పైన బెక్‌హామ్, కాగితం మీద అంతకు మించిన టీమ్ లేదు. ఆ సీజన్ లీగ్‌లో నాలుగో ప్లేస్. మళ్లీ లీగ్ గెలిచింది 2007లో, మకెలెలే మాత్రం చెల్సీతో 2005లోనే గెలిచేశాడు. తర్వాత 2009, లివర్‌పూల్ నుంచి మిడ్‌ఫీల్డర్ షాబీ అలోన్సో మాడ్రిడ్ వెళ్లాడు, ఆ ప్లేస్‌కి రోమా నుంచి అక్విలానీని తెచ్చారు, తెచ్చేటప్పటికే చీలమండ గాయం, ముందు సీజన్ రెండో ప్లేస్‌లో ఉన్న టీమ్ ఏడుకి పడింది. బార్సిలోనా 2023లో బుస్కెట్స్ వెళ్లిపోతే జిరోనా నుంచి ఓరియోల్ రొమేయూని తెచ్చింది, అదే పొజిషన్, బార్సా అకాడమీలోనే పెరిగినోడు, పైగా చవక. ఏడాది తిరిగేసరికి లోన్ మీద జిరోనాకే తిరిగి పంపేశారు. ఆటోనగర్ కుర్రాడు నా పక్కనే కూర్చుని వింటున్నాడు, నాకైతే కాస్త ఇబ్బందిగా అనిపించింది గానీ వాడే ముందు నవ్వేశాడు.

మరి బాగుపడింది ఎవరంటే అదే బార్సా తర్వాతి సీజన్‌లో. కోచ్‌గా ఫ్లిక్ వచ్చాక మిడ్‌ఫీల్డ్‌కి బయట నుంచి బుస్కెట్స్ లాంటోడి కోసం వెతుక్కోకుండా పెద్రీని వెనక్కి దింపి, అకాడమీ కుర్రాడు కసాడోకి ఛాన్సిచ్చి, డి యోంగ్ ఫిట్ అయ్యాక వాణ్ణి కలిపి నడిపించాడు, 2024-25 లీగ్ కొట్టారు. నేను మాడ్రిడ్ ఫ్యాన్‌ని, ఇది విని కూర్చోవడం మామూలు కష్టం కాదు. ఎందుకంటే అదే ఎండాకాలం మాకు క్రూస్ వెళ్లిపోయాడు, పదేళ్లు ఆడి, 2024 ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తి రిటైరయ్యాడు, మావాళ్లేమో ఫార్వర్డ్ ఎంబాపేని తెచ్చారు, మధ్యలోకి ఒక్కణ్ణీ తేలేదు. వాల్వెర్దే, చువామెనీ, కమవింగా, బెల్లింగ్‌హామ్, ముప్ఫై తొమ్మిదేళ్ల మోద్రిచ్, ఇంతమంది ఉన్నారుగా చాలు అనుకున్నారు. మంది ఉన్నారు గానీ క్రూస్ చేసే పని, అంటే వెనక నుంచి బాల్ తీసుకుని ఎప్పుడు స్పీడ్ పెంచాలి ఎప్పుడు చల్లార్చాలి అనేది, ఇది నీది అని ఒకడికి చెప్పినట్టు నాకు ఏ మ్యాచ్‌లోనూ కనపడలేదు. లీగ్ బార్సాకి, స్పెయిన్ కప్ ఫైనల్ 3-2తో బార్సాకే, ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్స్‌లో ఆర్సెనల్ చేతిలో రెండు మ్యాచ్‌లూ పోయాయి. గాయాలు కూడా ఉన్నాయి, డిఫెండర్ కార్వహాల్ లేడు, అవన్నీ నిజమే, అయినా నా కడుపుమంట ఆరలేదు.

ఆయన ఎక్కువసేపు ఉన్నది మాత్రం లివర్‌పూల్ 2023 దగ్గర. అక్కడ ఒక్కడు కాదు, హెండర్సన్, ఫబీనో, మిల్నర్, కైటా, ఆక్స్‌లేడ్ చాంబర్లేన్, మిడ్‌ఫీల్డర్లు ఐదుగురు ఒకే ఎండాకాలంలో ఖాళీ. ముందు సీజన్ ఐదో ప్లేస్, కాబట్టి ఛాంపియన్స్ లీగ్ కూడా లేదు. మకాలిస్టర్‌నీ సొబొస్లాయ్‌నీ తెచ్చారు గానీ ఇద్దరూ ముందుకెళ్లి ఆడేరకం, వెనక కాపలాకి కైసెదో కోసం 11 కోట్ల పౌండ్ల పైన బ్రైటన్‌తో మాట కుదుర్చుకుంటే వాడు చెల్సీకి వెళ్తానన్నాడు, లావియాని అడిగితే వాడూ చెల్సీకే. చివరికి స్టుట్‌గార్ట్ నుంచి ముప్ఫై ఏళ్ల ఎండో, ఆఖరి రోజు బయర్న్ బెంచీ మీద కూర్చునే గ్రావెన్‌బెర్క్. అందరూ నవ్వారు అప్పుడు. ఆ ఏడు మూడో ప్లేస్‌కి లేచారు. 2024లో కోచ్‌గా ఆర్నె స్లాట్ వచ్చాక జుబిమెండీని అడిగితే వాడూ రానన్నాడు, అప్పుడు ఆ ప్లేస్‌కి ఇంక ఎవణ్ణీ కొనకుండా గ్రావెన్‌బెర్క్‌ని వెనక నిలబెట్టాడు. వాడు ఆ పొజిషన్ వాడు కాదు, బాల్ తీసుకుని ముందుకి దూసుకెళ్లే రకం. కానీ బాల్ వస్తుంటే ఒంటిని సగం తిప్పి తీసుకుని మనిషిని దాటేస్తాడు చూడండి, బాల్ లాక్కోడానికి మీదకొచ్చినోడు అక్కడే ఉండిపోతాడు. ఫబీనో అయితే ట్యాకిల్ చేసి తెచ్చే బాల్‌ని వీడు ముందే దారికి అడ్డమొచ్చి తీసుకునేవాడు. పని అదే, చేసే పద్ధతి వేరు. లీగ్ గెలిచారు, గ్రావెన్‌బెర్క్‌కి ఆ సీజన్ ప్రీమియర్ లీగ్ యంగ్ ప్లేయర్ అవార్డు కూడా వచ్చింది.

సరే, గ్రౌండ్‌లోకొచ్చాం. ఇక్కణ్నుంచి టైమ్ ఎలా పోయిందో తెలీలేదు.

మొదట రోండో, నలుగురు చుట్టూ నిలబడి పాసులిచ్చుకుంటుంటే మధ్యలో ఇద్దరు బాల్ లాక్కోవాలి, ఆడేవాళ్లందరికీ తెలిసిందే. తర్వాత దాని మీద ఆయన ఒక మెలిక పెట్టాడు. బాల్ తీసుకునేవాడి వెనక ఆయన నిలబడి వేళ్లు చూపిస్తాడు, పాస్ వాడి కాలికి తగలకముందే ఎన్ని వేళ్లో వాడు అరవాలి. అరవకపోతే బాల్ పోయినట్టే లెక్క. మొదట్లో ఎవడూ చెప్పలేకపోయాడు, అందరి కళ్లూ బాల్ మీదే. మెడ తిప్పడం అలవాటు లేదు మనకి, గల్లీలో ఆడి వచ్చినోళ్లం. బ్యాంకు అన్న ఒక్కడే టకటకా చెప్పేశాడు, రెండు, ఐదు, మూడు. మనిషి నెమ్మది, నలభై దగ్గర పడుతున్నాడు, పరిగెత్తడం వల్ల కాదు, కానీ కౌంటర్‌లో కూర్చుని క్యూ మొత్తాన్ని కనిపెట్టి చూసే అలవాటేమో మరి, వెనక ఏం జరుగుతుందో తెలుసు ఆయనకి.

కోచ్ అన్న అక్కడే తేల్చేశాడు. కీపర్ దగ్గర బాల్ ఉన్నప్పుడు బ్యాంకు అన్న డిఫెన్స్‌లోంచి ఒక గీత ముందుకొచ్చి మధ్యలో నిలబడాలి, 2023లో మాంచెస్టర్ సిటీలో స్టోన్స్ చేశాడే, వెనక నుంచి రోద్రీ పక్కకి రావడం, అదే. ఆయన ముందుకొస్తే వెనక ఖాళీ అవుతుంది కదా, దానికి రైట్‌లో ఆడే సెకండియర్ కుర్రాణ్ణి లోపలికి లాగాడు, వాడికి పాస్ సరిగ్గా రాదు గానీ ఊపిరితిత్తులు రెండు కాదు నాలుగు, ఎవరు పైకెళ్తే వాళ్ల ఖాళీలోకి వెళ్లడమే వాడి పని, బాల్ దొరికితే దగ్గరున్నోడికి ఇచ్చెయ్యి, అంతకు మించి ఆలోచించకు అని చెప్పాడు. ఎవడు ఎటు జరగాలో అరవడం కీపర్‌కి అప్పజెప్పాడు, వాడు మామూలుగానే ఆపకుండా వాగుతాడు, ఇప్పుడు పనికొచ్చేది వాగుతాడు. మరి ఆటోనగర్ కుర్రాడు? వాణ్ణి ఇంకాస్త ముందుకి జరిపి, బాల్ తీసుకుని తిరిగి లాంగ్ పాస్ కొట్టడం ఒక్కటే చెయ్యమన్నాడు, వాడికి వచ్చిందే అది. ఫౌల్ చేసే డ్యూటీ ఎవరికీ ఇవ్వలేదు, అది మేం మాలో మేం పంచుకున్నాం, అడక్కండి.

దానర్థం అంతా సెట్టయిపోయిందని కాదు. తర్వాత మ్యాచ్‌లో బ్యాంకు అన్న ముందుకెళ్లి బాల్ పోగొట్టుకున్నప్పుడల్లా ఎదురుగా మా కీపర్ ఒక్కడే, అలా రెండు గోల్స్ తిన్నాం. మెల్లిమెల్లిగా సెకండియర్ కుర్రాడికి టైమింగ్ పట్టుబడింది, బ్యాంకు అన్న కదలడం చూసి వీడు ముందే కదులుతున్నాడు. మొన్న బ్రాడీపేట వాళ్లతో మళ్లీ ఆడితే డ్రా. పాత టీమ్ కంటే బాగున్నామా అంటే లేదు, మనోడు ఉన్నప్పుడు ఆట సాఫీగా ఉండేది, ఇప్పుడు కాస్త గజిబిజిగానే ఉంటుంది. కానీ ముందు ఒక్కణ్ణి పట్టేస్తే మా ఆట ఆగిపోయేది, ఇప్పుడు ఎవర్ని పట్టాలో వాళ్లకి తెలియట్లేదు, అది మాత్రం నాకు భలే నచ్చింది.

ఇప్పుడు తిట్లు. టర్ఫ్‌లో ఒక వైపు లైట్ మసక, ఆ మూల కార్నర్ కొడితే బాల్ కనపడదు, చెప్తే "చేయిస్తాం సార్" అంటారు, ఇప్పటికీ అంతే. గడ్డి గోల్ ముందు అరిగిపోయింది, స్లైడ్ చేస్తే మోచేయి గీరుకుపోతుంది, రబ్బరు రవ్వ ఇంటికెళ్లాక సాక్సుల్లోంచి, జేబుల్లోంచి, ఎక్కణ్నుంచో రాలుతూనే ఉంటుంది, మా అమ్మ తిడుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆరింటి స్లాట్ ఎవరిస్తానన్నా తీసుకోకండి, పగలంతా కాలిన ప్లాస్టిక్ గడ్డి వేడి బూట్లలోంచి తెలుస్తుంది, పొద్దున ఆరుకి గానీ రాత్రి తొమ్మిది దాటాక గానీ వెళ్లండి. బైకులకి చోటుంది, కార్లు అయితే రోడ్డు పక్కనే. వాటర్ క్యాన్ ఉంటుంది, చల్లగా ఉండదు. బయట బండి మీద పునుగులు మాత్రం సూపర్, ఆట అయ్యాక వేడివేడిగా అల్లం చట్నీతో, దానికి ఫుల్ మార్కులు.

సెషన్‌లో కూడా లోటుంది, గోల్‌కీపర్‌కి విడిగా ఏమీ చెప్పడు, ఫిట్‌నెస్ జోలికి అస్సలు వెళ్లడు, అడిగితే "అది మీరే చూసుకోండి" అంటాడు. కొత్తగా బాల్ నేర్చుకునే పిల్లలకి ఇది పనికిరాదు, ఎప్పణ్నుంచో కలిసి ఆడుతూ ఎవడో వెళ్లిపోయి చెదిరిన టీమ్‌కి అయితేనే వెళ్లండి. పాత వీడియోలు లేకపోతే సగం దండగే, కాబట్టి ఎవడైనా వెళ్లిపోతున్నాడని తెలిసిన రోజే ఫోన్ వలకి కట్టేసి రెండు మూడు మ్యాచ్‌లు తీసి పెట్టుకోండి.

రేట్లు: ఉత్త టర్ఫ్ అయితే మామూలు రోజుల్లో గంటకి 1000, శని ఆదివారాలు రాత్రి 1400. రెండు గంటల టీమ్ సెషన్ టర్ఫ్‌తో కలిపి 3500 తీసుకున్నాడు, తలా వేసుకుంటే ఒక సినిమా, పాప్‌కార్న్ ఖర్చు. సగం ముందే ఫోన్‌పే చెయ్యాలి, వర్షమొస్తే వేరే రోజు ఇస్తాడు గానీ డబ్బులు వెనక్కి ఇవ్వడు. నా రేటింగ్ టర్ఫ్‌కి 5కి 3, సెషన్‌కి 4, ప్రొజెక్టర్ కబుర్లు పావుగంటకి తగ్గిస్తే 4న్నర. శ్రావణంలో మా లెఫ్ట్ వాడి పెళ్లి, అమ్మాయి వాళ్లది వైజాగ్, వాడూ అక్కడికే ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాడంట, కాబట్టి వాడి వీడియోలు అప్పుడే తీయడం మొదలెట్టేశాం.